అంకె పెరిగే వేళ

నగరిలో మరమగ్గాల వీధిలో పుట్టినవాడికి కాళ్ళ కింద నేల వణకడం కొత్త కాదు. వణుకు ఆగితేనే ఉలిక్కిపడతాడు. ఇరవై రెండేళ్ళ యోగానంద ఆ వణుకు మీదే పెరిగాడు. అందుకే రెండువేల తొమ్మిది ఎండాకాలంలో కంప్యూటర్లో తన ఆట చెడిపోవడం మొదలైనప్పుడు, అతని అనుమానం మొదట మగ్గాల మీదికే పోయింది.

ఆటంటే తుపాకుల ఆట. జట్టుకు ఐదుగురు. తక్కిన నలుగురూ తిరుపతిలో ఒక కాలేజీ హాస్టల్లో ఉంటారు. యోగానంద అదే కాలేజీలో మూడో ఏడు చదువు మానేసి ఇంటికి వచ్చినవాడు. మద్రాసులో జరిగే పెద్ద పోటీకి పోవాలంటే ముందు ఎవరి చోటు నుంచి వాళ్ళు మూడు ఆటలు ఆడి గెలవాలి. రెండు గెలిచారు. రెండోది మాత్రం యోగానంద మూలంగా చేయి జారబోయి దక్కింది. ఆ పూట జట్టు నాయకుడు వంశీ హెడ్‌ఫోన్లలో చెవులు చిల్లులు పడేలా అరిచాడు.

"ఒరే నగరీ, ఆడతా ఉండావా, నిద్రపోతా ఉండావా? దిష్టిబొమ్మ మాదిరి నిలబడి కాల్పించుకుంటివే!"

"నేను పక్కకు జరిగినాను వంశీ. నా పింగ్ పెరిగిపోయింది."

"పింగూ లేదు, నీ బొంగూ లేదు. వచ్చే ఆదివారం గూడా ఇదే కత అయితే నీకి సెలవు. మా పక్కరూమోడు మౌసు పట్టుకోని కాసుకోని ఉండాడు."

తక్కిన ముగ్గురూ నవ్వారు. యోగానంద కూడా నవ్వాడు. ఆ నలుగురి నవ్వులు వినబడని రోజున తనకు ఈ ఊళ్ళో ఏం మిగులుతుందో అతనికి బాగా తెలుసు. షెడ్డులో ఆరు మగ్గాలు, నాయన తిట్లు, అంతే.

పింగ్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఇక్కడ మీట నొక్కితే ఆ కబురు ఎక్కడో ఉన్న ఆట యంత్రానికి చేరి, తిరిగి రావడానికి పట్టే సమయం. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే అందులో నలభై ముక్కల లోపు పడితే ఆట సాఫీగా సాగుతుంది. ఆ నలభై కాస్తా ఆరువందలు అయిందంటే, ఎదుటివాడు ఎప్పుడో కాల్చేసి ఉంటాడు. మనం చచ్చిన సంగతి మనకు తర్వాత తెలుస్తుంది.

టెలిఫోను వైరు కింద హాల్లోకి వస్తుంది. ఇంటర్నెట్ పెట్టె అక్కడే కిటికీ దగ్గర ఉంది. కంప్యూటరు మాత్రం మేడ మీద. మొదట అదీ హాల్లోనే ఉండేది. చెల్లెలు మహితకు పదిహేడో ఏట మూర్ఛలు మొదలయ్యాయి. తెర మీద గబగబా మారే వెలుగులు చూస్తే ఎక్కువవుతాయని తిరుపతి డాక్టరు చెప్పాడు. మూర్ఛ వచ్చినప్పుడు చేయవలసిందల్లా ఒక్కటేనని కూడా చెప్పాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ కూర్చోవాలి. ఆ సాయంత్రమే కంప్యూటరు మేడెక్కింది.

అప్పటి నుంచి వైరు లేని ఇంటర్నెట్టే యోగానందకు దిక్కు. ఒకసారి మెట్ల వెంబడి వైరు లాగాడు. మూడో మెట్టు మీద అది కాలికి చుట్టుకుని మహిత పడింది. వాళ్ళ నాయన ఆదికేశవులు షెడ్డులోంచి కత్తెర తెచ్చి, ఆ వైరును మూరెడేసి ముక్కలు చేసి లుంగీల కట్టలు కట్టుకున్నాడు. గోడకు చిల్లు వేసి లాగుదామంటే కొత్త ఇంట్లో చేరి ఎనిమిది నెలలే. ఏడాది తిరక్కుండా గోడలో మేకు కూడా దిగకూడదని ఆయన పట్టుదల. ఇంటర్నెట్ పెట్టెను కూడా పాత చెక్క మీద బిగించి, తాడుతో కిటికీ ఊచకు కట్టించాడు.

ఇలాంటి పనుల్లో యోగానంద ఓపిక చూస్తే, వీడు చదువెందుకు మానేశాడా అనిపిస్తుంది. తెర మీద ఒక నల్లటి గడి తెరిచి పెట్టాడు. అందులో సెకనుకొక అంకె పడుతూ ఉంటుంది. ఏ వేళకు ఎంత ఉందో నోటుబుక్కులో రాసుకున్నాడు. పొద్దున ఆరు నుంచి పది దాకా ముప్పై ఎనిమిది. పదింటికి ఆరువందలు. మధ్యాహ్నం అన్నం వేళకు మళ్ళీ ముప్పై ఎనిమిది. రెండు గంటలకు మళ్ళీ ఆరువందలు. కంప్యూటర్ని కిటికీ దగ్గరికి జరిపాడు. పెట్టె కొమ్ములు అటూ ఇటూ తిప్పాడు. వెనకాల అల్యూమినియం పళ్ళెం నిలబెట్టాడు. పక్కింటివాళ్ళు దొంగతనంగా వాడుకుంటున్నారేమోనని సంకేతపదం మార్చాడు. అంకె కదల్లేదు.

మహితకు ఈ అంకెల గొడవ వింతగా ఉండేది. పొద్దున కాఫీ గ్లాసు అందిస్తూ మెట్ల కింద నుంచి అరిచేది.

"అన్నా, ఎంత ఉండాది నీ జ్వరం ఈ పొద్దు?"

"ముప్పై ఎనిమిది."

"తగ్గిందే! అయితే ఈ పొద్దు నీకి చారన్నం కాదు, కూరన్నమే."

మధ్యాహ్నం అడిగితే అతనికి ఒళ్ళు మండేది. "ఆరువందలు. నువ్వు ఊగినప్పుడల్లా నా నంబరు గూడా ఊగతా ఉండాది. నీ శని నాకి తగులుకున్నట్టుండాది" అన్నాడు ఒకనాడు. మహిత నవ్వబోయి ఆగింది. "నేను మిట్టమధ్యాన్నం ఎప్పుడూ ఊగలేదన్నా. పొద్దున మాత్రేసుకోని పడుకున్నప్పుడే" అంది, అదేదో లెక్కలో వచ్చిన తేడా అయినట్టు.

పదింటికి మగ్గాలు మొదలవుతాయి కాబట్టి ఐదు నిమిషాలు ఆపి చూడమని నాయన్ని బతిమాలాడు.

"మగ్గాలు ఆపాలనా? నీ ఆటకా?" ఆదికేశవులు మగ్గం దగ్గర ఉన్న మురుగేష్ వైపు తిరిగాడు. "సూసినావా మురుగేషా, కూడు పెట్టే మగ్గం ఆపాలంట దొర!"

మురుగేష్ తిరుత్తణి వైపు మనిషి. పదేళ్ళుగా ఇక్కడే పని. "పోనీ అన్నా, అయిదు నిమిషమే కదా, తంబి ఆశపడతాడు" అన్నాడు. తిట్టుకుంటూనే ఆదికేశవులు మీట దించాడు. యోగానంద మేడెక్కి చూశాడు. నేల నిశ్చలంగా ఉంది. అంకె మాత్రం ఆరువందల దగ్గరే ఉంది. ఐదు నిమిషాల గుడ్డ పోయిందని నాయన వారం రోజులు అన్నం దగ్గర దెప్పాడు.

ఆటకు నాలుగు రోజుల ముందు సంగతి బయటపడింది. ఆ బుధవారం తల్లి జ్ఞానాంబ మహితను తీసుకుని తిరుపతికి మాత్రలకు పోయింది. షెడ్డులో మగ్గాలు మామూలుగానే ఆడుతున్నాయి. నేల వణుకుతోంది. అంకె రోజంతా ముప్పై ఎనిమిది.

మగ్గాలు ఉన్నాయి, అమ్మ లేదు. యోగానంద పెన్ను కింద పెట్టి హాల్లోకి దిగాడు. తలుపు పైన గూట్లో చిన్న కెమెరా ఉంది. దాని ఎర్రలైటు ఆరి ఉంది.

ఆ కెమెరాను ఆదికేశవులు మద్రాసు నుంచి తెచ్చింది కూలీలు నూలు కాజేయకుండా కనిపెట్టడానికి. షెడ్డులో కన్ను, హాల్లో బొమ్మ అని ఆయన ఏర్పాటు. జ్ఞానాంబ నాలుగు రోజులు అన్నం మానేసి దాన్ని తిరగేయించింది. మగ్గాల మోతలో కేక వినపడదు. అక్కడ పనిచేసేవాళ్ళు చేతి సైగలతో, పెదాల కదలికతో మాట్లాడుకుంటారు. హాల్లో మహిత మంచం వైపు కెమెరా, షెడ్డులో నూలును కండెలుగా చుట్టే మిషను ఎదురుగా పాత చిన్న టీవీ. వైరు అక్కర్లేదు, బొమ్మ గాలిలోనే వస్తుంది. పదింటికి షెడ్డుకు పోతూ జ్ఞానాంబ కెమెరా స్విచ్చి వేస్తుంది. అన్నానికి వచ్చి తీసేస్తుంది. ఒక కన్ను నూలు మీద, ఒక కన్ను కూతురి మీద.

యోగానంద స్విచ్చి వేసి మేడెక్కాడు. ఆరువందల ఇరవై. దిగి ఆపాడు. ముప్పై ఎనిమిది. మూడుసార్లు ఎక్కి దిగాడు. పట్టరాని సంతోషం కలిగింది.

రాత్రి అన్నాల దగ్గర అడిగాడు. "అమ్మా, ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ఆ కెమెరా ఆపుదాం. అది పెడితే నా నంబరు ఆరువందలు ఎక్కతాది. ఆట పోతాది."

"మరి బిడ్డను ఎవురు సూస్తారు?"

"నిద్రే కదా పోతాది. ఎప్పుడో నెలకొకసారి వచ్చేదానికి..."

"నీకి నెలకొకసారి. నాకి ప్రతి పొద్దూ." జ్ఞానాంబ గరిటె కింద పెట్టలేదు. "సోమవారానికి పోవలసిన గుడ్డ లోడు ఇంకా సగం ఉండాది. నేను కండెలు సుట్టకపోతే ఆరు మగ్గాలూ నిలబడతాయి. నువ్వు కిందికొచ్చి రెండు గంటలు దాని పక్కన కూసోరాదా?"

"నా ఆటే ఆ రెండు గంటలు కదమ్మా!"

"కెమెరా కొన్నింది దొంగల కోసరం. ఈడ నిద్రపోయేదాన్ని సూసేదానికా?" అన్నాడు ఆదికేశవులు మజ్జిగ కలుపుకుంటూ. ఆయన మాట ఎవరి పక్షమో ఎవరికీ తెలియలేదు.

మహిత పళ్ళెంలోకి చూస్తూ అంది. "ఆ రెండు గంటలు నేను ఊగకుండా ఉంటాలేమ్మా. అన్నను మద్రాసుకు పోనీ."

"నోరు మూసుకోని తిను" అంది జ్ఞానాంబ. "స్విచ్చి మీద ఎవురన్నా చెయ్యి పెడితే ఊరుకోను."

స్విచ్చి మీద చేయి పెడితే షెడ్డులో తెర నల్లబడుతుంది. ఆమె లేచి వస్తుంది. కాబట్టి తెర నల్లబడకూడదు. అంకె ఎందుకు పెరుగుతుందో కనుక్కున్న ఓపికతోనే యోగానంద దీన్నీ సాధించాడు. శుక్రవారం పొద్దున కెమెరా బొమ్మను కంప్యూటర్లోకి పట్టాడు. మాత్ర వేసుకుని మహిత పడుకుని ఉంది. పన్నెండు నిమిషాలు. దాన్ని సీడీలోకి ఎక్కించాడు. ఆయుధపూజకు షెడ్డులో పాటలు పెట్టే పాత సీడీ ప్లేయరు అటక మీద ఉంది. దుమ్ము తుడిచాడు. ఒకే బొమ్మ అయిపోగానే మళ్ళీ మొదటికి వచ్చేలా మీట నొక్కి పెట్టాడు.

ఆదివారం పది కావస్తుండగా, తల్లి కెమెరా వేసి షెడ్డులోకి రాగానే, దాన్ని టీవీ పక్కన బిగించాడు.

"ఏందిరా ఇది?"

"కొత్త డబ్బా అమ్మా. దీన్ని పెడితే బొమ్మ తేటగా వస్తాది. నా ఆటకు అడ్డం రాదు, నీకీ అడ్డం రాదు."

జ్ఞానాంబ తెర వైపు చూసింది. గీతలూ చుక్కలూ లేకుండా మహిత, మంచం, గోడకు అంటించిన క్యాలెండరు. ఇన్నాళ్ళూ కూతుర్ని ముసురులో చూసినట్టు చూసిన మనిషి. "అబ్బా, ఎంత తేటగా ఉండాదో! ఈ బుద్ధి ముందే పుట్టుంటే మనం ఇంత రగడ పడకపోదుము కదరా" అంది. పనిలోకి వచ్చిన ఏ కొత్త యంత్రానికైనా చేసినట్టే, ఉంగరపు వేలితో కుంకుమ తీసి డబ్బాకు బొట్టు పెట్టింది. ఆ చేత్తోనే కొడుకు తల నిమిరింది. "గెలవరా."

అతను హాల్లోకి వచ్చి కెమెరా స్విచ్చి తీశాడు. మహిత కళ్ళు సగం మూతపడి ఉన్నాయి.

"అన్నా, ఎర్రలైటు ఆరిపోయిందే?"

"నువ్వు పడుకో."

"ఎంత ఉండాది జ్వరం?"

"ముప్పై ఎనిమిది అవతాది. పడుకో."

ఆవేళ యోగానంద ఎన్నడూ ఆడనంత బాగా ఆడాడు. అనుకున్న చోటికి అనుకున్న క్షణంలో తూటా పోతోంది. తెర మూలన అంకె నలభై దాటలేదు. వంశీ గొంతులో వెటకారం పోయి గౌరవం వచ్చింది. "నగరీ, ఎడమ పక్క నీదే అప్పా. నువ్వు సూసుకో." అప్పా అని పిలవడం అదే మొదలు.

పదీ నలభై అయినప్పుడు నేల వణుకు ఆగింది.

ఒక మగ్గంలో పోగు తెగితే ఆ ఒక్కటే ఆగుతుంది, తక్కినవి వణుకుతూనే ఉంటాయి. ఆరూ ఒక్కసారి ఆగాయంటే ఎవరో పెద్ద మీట దించారు. కరెంటు పోలేదు. ఫ్యాను తిరుగుతోంది. అరికాళ్ళకు ఆ సంగతి తెలిసింది. ఆటలో ఇంకా నాలుగు విడతలు ఉన్నాయి. హెడ్‌ఫోన్లు తీస్తే కింది మాటలు వినపడతాయి. అతను తీయలేదు. కుర్చీ కమ్మీ మీదికి కాళ్ళు ఎత్తి పెట్టుకున్నాడు.

గెలిచారు. నలుగురూ గొంతులు పోయేలా అరిచారు. "మద్రాసు! మద్రాసు!" యోగానంద హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు కింద అసలు చప్పుడే లేదు.

హాల్లో మురుగేష్ గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆదికేశవులు ఆటో కోసం వీధిలోకి పరుగెత్తి, ఆటో వచ్చాక దాన్ని పంపేసి, గడప మీద కూర్చున్నాడు. మహితను పక్కకు తిప్పి పడుకోబెట్టారు. డాక్టరు చెప్పినట్టే తిప్పారు. దిండు మధ్యలో తడి, ముఖమంత మేర. జ్ఞానాంబ బీరువా తాళాలగుత్తి కూతురి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, పైన తన చేయి మూసి కూర్చుంది. ఇనుము పట్టుకుంటే మూర్ఛ తగ్గుతుందని ఆ వీధిలో అందరూ చేసే పనే.

కొడుకు మెట్లు దిగడం ఆమె చూసింది. ఏడవలేదు. మామూలు గొంతుతో అంది.

"ఆ బల్లి మూడుసార్లు పైకే పోయింది. ఒక్కసారి గూడా కిందికి రాలేదు."

"మతి చెదిరి ఏందో అంటా ఉండాది" అన్నాడు ఆదికేశవులు, పోగైన జనంతో.

యోగానందకు అర్థమైంది. సీడీలో గోడ మీద ఒక బల్లి ఉంది. క్యాలెండరు కింద నుంచి ట్యూబులైటు దాకా పాకుతుంది. అతను దాన్ని గమనించనే లేదు. గళ్ళ లుంగీలో ఎర్రగడి ఎన్నో పోగుకు మళ్ళీ రావాలో ముప్పై ఏళ్ళుగా చూస్తున్న కళ్ళు ఆమెవి. మొదటిసారి బల్లిని చూసింది. రెండోసారి అనుమానపడింది. మూడోసారి కండె వదిలేసి పరుగెత్తింది. ఆ బొమ్మ పన్నెండు నిమిషాలది. ఇంకా చిన్నదిగా ఉంటే ముందే కనిపెట్టేది.

సాయంత్రం అతను షెడ్డులోకి పోయాడు. డబ్బా ఉంది, బొట్టు ఉంది. లోపల సీడీ లేదు. ఎవరినీ అడగలేదు.

పదకొండు రోజులు మగ్గాలు ఆగాయి. పన్నెండో రోజు లోడు సంగతి ఎత్తి ఆదికేశవులే మీట ఎత్తాడు. పదింటికి జ్ఞానాంబ షెడ్డుకు పోతూ హాల్లో ఆగి కెమెరా స్విచ్చి వేసింది. కింద దుప్పటి మడిచిన ఖాళీ మంచం ఉంది. యోగానంద కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది, ఆరువందల పదిహేను.

కాసేపటికి మెట్ల కింద నుంచి గొంతు వినపడింది. ఆ రోజు తర్వాత ఆమె కొడుకుతో మాట్లాడటం అదే మొదలు.

"ఎంత ఉండాదిరా?"

అతను తెర వైపు చూశాడు. "ఆరువందల పదహైదు అమ్మా."

ఆమె షెడ్డుకు పోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అన్నం పెట్టేటప్పుడు మాట లేదు. నీళ్ళు అడిగితే గ్లాసు వస్తుంది, మాట రాదు. రోజుకు ఆ ఒక్క ప్రశ్న. అతను చెప్పే అంకె పెద్దదిగా ఉంటే కింద కెమెరా ఆగలేదని లెక్క, వెనక్కి తిరుగుతుంది. మద్రాసుకు వంశీ పక్కరూమువాణ్ణి తీసుకుపోయాడు.

నెల తిరిగాక టెలిఫోనులో గరగరమంటోందని లైన్‌మన్ జయరావు వచ్చాడు. కింద పని ముగించుకుని, ఇంటర్నెట్ ఎలా వస్తోందో చూద్దామని మేడెక్కాడు. అంకెలు చూసి నొసలు చిట్లించాడు. కీబోర్డు తన వైపు లాక్కుని నాలుగు మీటలు నొక్కాడు.

"మీ ఇంటర్నెట్ పెట్టె ఆరో ఛానల్లో ఉండాదప్పా. కింద మీ కెమెరా గూడా ఆడనే కూసోని ఉండాది. ఒకే దోవలో రెండు బండ్లు ఎదురైనట్టు. దీన్ని పదకొండుకు మార్చినా. ఇంక దాని దోవ దానిది, దీని దోవ దీనిది."

ముప్పై ఎనిమిది. కింద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

"రెండూ ఒకేసారి పనిచేస్తాయా సార్?"

"నిక్షేపంగా. రెండు నిమిషాల పని. ఇన్నాళ్ళూ అవస్థ పడకుండా ఒక ఫోను కొట్టుంటే సరిపోయేది కదా!" జయరావు నవ్వుతూ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని దిగిపోయాడు.

యోగానంద కుర్చీలోంచి లేవలేదు. కాళ్ళ కింద నేల వణుకుతోంది. జయరావు సైకిలు వీధి మలుపు తిరిగాక మెట్ల దగ్గర అడుగుల చప్పుడు అయింది.

"ఎంత ఉండాదిరా?"

అంకె తెర మీద కదలకుండా ఉంది. ఆమె కమ్మీ మీద చేయి వేసి నిలబడింది. పైకి రాలేదు, వెనక్కీ పోలేదు.

"నిన్నే. ఎంత ఉండాది?"

"ఉండమ్మా" అన్నాడు యోగానంద. జయరావు నొక్కిన మీటలనే వెనకనుంచి ముందుకు నొక్కుకుంటూ వచ్చి, పదకొండు ఉన్న చోట ఆరు వేశాడు. ఒక్క క్షణం తెర మీద ఏమీ లేదు. తర్వాత అంకె వచ్చింది.

"ఆరువందల నలభై" అన్నాడు.

ఆమె షెడ్డుకు పోయింది.